బడి వెనుక ఊరు: రాచర్ల ప్రాంతంలో చదువుకు జనం చేయూత

రాచర్ల మండలంలోని సర్కారు బడులకు యజమానులు మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు. పంతుళ్ల జీతాలు, పాఠ్యపుస్తకాలు, పరీక్షలు ప్రభుత్వం చూసుకుంటుంది. ఇక్కడే కాదు, పశ్చిమ ప్రకాశమంతటా బడికి స్థలం రాసిచ్చినవారు, గది కట్టించినవారు, మధ్యాహ్నం వండి పెట్టేవారు, తల్లిదండ్రుల కమిటీలో కూర్చునేవారు మాత్రం ఎక్కువగా ఆయా ఊళ్లవారే. ఇలా ఊరు బడిని మోయడానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ కాలంలో ఊరి చేయూత రూపు చాలాసార్లు మారింది. ఇచ్చినవారిని గుర్తించే పద్ధతీ మారింది.

నల్లమల తూర్పు అంచున, గిద్దలూరు పొరుగున ఉన్న ఈ సీమ 1800లో దత్తమండలాల్లో భాగంగా నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మొదట కడప జిల్లాలో ఉండేది. 1858లో కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలను కర్నూలు జిల్లాలో కలిపారు. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. రెండేళ్లకు ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందువల్ల ఈ ప్రాంతపు బడుల తొలి లెక్కలను కడప కాగితాల్లో, ఆ తర్వాతివాటిని కర్నూలు కాగితాల్లో, ఇటీవలివాటిని ఒంగోలులో వెతకాలి.

వీధి బడి, వారాలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాకు ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లకు రాశాడు. గవర్నరు కాకముందు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన మన్రోకు ఈ ప్రాంతం కొత్తది కాదు. లెక్కలన్నీ చేరాక 1826లో రాసిన నివేదికలో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులున్నట్టు తేల్చాడు. వాటిలో 494 కడప జిల్లావి. ఒక్కటి కూడా సర్కారు పెట్టినది కాదు. పంతులు ఇంటి అరుగే బడి. కొన్నిచోట్ల గుడి మండపమో, పెద్ద రైతు వసారానో బడి అయ్యేది.

పంతులుకు జీతమిచ్చేది పిల్లల ఇళ్లవారే. స్తోమతు కలవారు నెలకింతని డబ్బు ఇచ్చేవారు. లేనివారు పంట నూర్చినప్పుడు కళ్లంలో గింజలు కొలిచేవారు. దసరా వస్తే పిల్లలు కొత్త బట్టలు కట్టి, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పంతులు వెంట ఇంటింటికీ తిరుగుతూ పద్యాలు పాడేవారు. గడప గడపలోనూ పంతులుకు రూకలో ధోవతో ముట్టేవి, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవారు. ఆ ఊరేగింపులో ఏ ఇల్లు ఎంత ఇచ్చిందో వీధంతా చూసేది. బడికి ఊరు ఇచ్చేదీ, ఇచ్చినందుకు దక్కే మర్యాదా ఒకేచోట, అందరి కళ్ల ముందు జరిగిపోయేవి. ఏదీ రాసి పెట్టేవారు కాదు.

కడప కలెక్టరు 1825లో పంపిన జవాబులో మరో ఆచారం కనిపిస్తుంది. జిల్లాలో చందాలతో నడిచే పాఠశాలలు లేవంటూనే, పేద బ్రాహ్మణ పిల్లలు పదేళ్ల నుంచి పదహారేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి, ఊరికే చదువు చెప్పే పండితుని ఊరికి చేరతారని ఆయన రాశాడు. ఆ పండితుడూ పేదవాడే కనుక శిష్యులకు తిండి పెట్టలేడు. పిల్లలు చుట్టుపక్కల ఇళ్లలో భిక్ష తెచ్చుకుని కడుపు నింపుకునేవారు. తెలుగునాట ఎక్కడ చూసినా ఉన్న వారాల పద్ధతి దీనికి దగ్గరి చుట్టం. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట అని ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే విద్యార్థికి ఏడాదంతా భోజనానికి లోటు ఉండేది కాదు. ఊరు చదువుకు పెట్టిన పెద్ద ఖర్చు ఇదే. అది ఏ లెక్కలోనూ పడలేదు.

రాత సామాను కూడా ఇంట్లో తయారయ్యేదే. పసిపిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. కాస్త ఎదిగాక కడతం వచ్చేది. పాత గుడ్డకు గంజి పట్టించి, బొగ్గుపొడి కలిపి పూసి, ఎండబెట్టి మడతలు పెడితే కడతం. దాని మీద బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ చోటును మార్కాపురం రాతిపలక ఆక్రమించింది. గనిలో తీసిన రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించి తయారుచేసిన ఆ పలకలు దేశంలో చాలా రాష్ట్రాల బడులకు వెళ్లాయి.

వీధి బడి అందరి బడి కాదు. మన్రో లెక్కల్లో ఆడపిల్లల సంఖ్య చాలా స్వల్పం. మాల, మాదిగ పిల్లలకు అరుగు మీద చోటే లేదు. ఊరు బడిని పోషించింది నిజమే కానీ, ఆ మాటలో ‘ఊరు’ అంటే ఊళ్లో కొన్ని వీధులు మాత్రమే.

పన్ను, గ్రాంటు, మిషన్ బడి

ఒక్కో ఇల్లు తనకు తోచినంత ఇచ్చే పద్ధతి నుంచి ఊరంతా కలిసి లెక్క ప్రకారం చెల్లించే పద్ధతికి తొలి ప్రయత్నం తెలుగుదేశంలో గోదావరి తీరాన జరిగింది. 1850లలో రాజమండ్రి సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురం, పాలకొల్లు వైపు రైతులు భూమిశిస్తు మీద కొంత అదనంగా కట్టి బడులు నడపడానికి ఒప్పుకున్నారు. వీటిని రేటు స్కూళ్లన్నారు. కొన్నాళ్లకు, ఇష్టపడి ఇచ్చేది బలవంతపు వసూలుగా మారిందనే అభ్యంతరం వచ్చింది. 1863లో మద్రాసు ప్రభుత్వం దానికి ఒక చట్టం చేసింది. జనం వాటాను చట్టంలో పెడితే అది చందాగా మిగులుతుందా, పన్ను అవుతుందా అనే చిక్కు అప్పుడే మొదలైంది.

1871 లోకల్ ఫండ్ చట్టం, 1884 లోకల్ బోర్డుల చట్టం వచ్చాక బడి ఖర్చులో కొంత సెస్సుల రూపంలో రైతు మీద పడింది. మరోవైపు 1854 తర్వాత గ్రాంటుల పద్ధతి మొదలైంది. పల్లెటూరి పంతులుకు కొన్ని దశాబ్దాల పాటు ‘ఫలితాల గ్రాంటు’ దక్కింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు, ఎంతమంది పిల్లలు గట్టెక్కితే పంతులుకు అంత సొమ్ము. అంతవరకు మంచి పంతులెవరో తేల్చింది వీధి. ఇప్పుడు తాలూకా దాటి వచ్చిన అధికారి తేల్చాడు. చదువు రంగంలో సర్కారు గుర్తింపు అనే మాటకు అసలు అర్థం ఇక్కడ ఏర్పడింది. రికార్డు సరిగా ఉన్న బడి ‘గుర్తింపు పొందిన’ బడి అయింది.

వీధి బడి అరుగెక్కనివ్వని పిల్లలకు చదువు మిషన్ల ద్వారా అందింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. కరువు వెంటనే 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత కంభం, మార్కాపురాల్లో ఆ మిషన్ కేంద్రాలు వెలిశాయి. గిద్దలూరు, కలసపాడు, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ సంఘమైన ఎస్‌.పి.జి. పనిచేసింది. ఆ మిషన్ ఉపాధ్యాయులకు నంద్యాలలో శిక్షణ ఇచ్చేవారు.

ఈ మిషన్ బడుల్లో ఊరి పాత్ర మరో రూపం తీసుకుంది. క్లౌ స్వయంపోషణను గట్టిగా నమ్మిన మనిషి. పల్లెవారు బోదగడ్డి, దూలాలు తెచ్చి పాక వేసుకోవాలి, పంతులుకు గింజలు కొలవాలి. పగలంతా కూలికి పోయే పిల్లల కోసం రాత్రి బడులు నడిచాయి. ఒకే పాక పగలు బడి, ఆదివారం గుడి. తిండికే కటకటలాడే జనం తమ బడిని తామే నిలబెట్టుకున్నారు. ఆ పాకల మీద ఎవరి పేర్లూ రాయలేదు.

బోర్డుల నుంచి సమితుల దాకా

1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం నిర్బంధ విద్యను ప్రవేశపెట్టడానికీ, అందుకు విద్యా పన్ను వేయడానికీ స్థానిక సంస్థలకు వీలు కల్పించింది. వానాధారపు మెట్ట సేద్యం మీద బతికే ఈ తాలూకాల్లో కొత్త పన్ను కట్టే స్తోమతు తక్కువ. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, వాటి బాధ్యత జిల్లా బోర్డులకు పోయింది. రాచర్ల, కొమరోలు వైపు ఊళ్లకు బడి యజమాని ఉండే చోటు కర్నూలు దాకా దూరమైపోయింది. నల్లమల అవతల ఉన్న ఆ పట్నానికి అర్జీ పట్టుకుని వెళ్లడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు.

1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. సమితి అధ్యక్షుడు తెలిసిన మనిషి, సమితి ఆఫీసు బస్సెక్కితే చేరుకునే చోటు. హైస్కూలు కోసం ఊళ్ల మధ్య పోటీ మొదలైంది ఈ కాలంలోనే. హైస్కూలు మంజూరు కావాలంటే ఊరు స్థలం చూపించాలి, తన వంతు సొమ్ము జమ చేయాలి. పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని ఇంటికింత అని వేసేవారు. ఎకరాల లెక్కన భూమి రాసిచ్చిన కుటుంబం పేరు బడి పేరులో కలిసేది. తెలుగు జిల్లాల్లో ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనే మాటకు ముందు ఏదో ఒక ఇంటి పేరో, ఎవరి తల్లిదండ్రుల పేరో కనిపించడానికి కారణం ఇదే.

పేరు పెట్టేంత ఇవ్వలేనివారికి శిలాఫలకం ఉంది. ఆనాటి తరగతి గదుల గోడల్లో పొదిగిన రాతిపలకలన్నీ ఇంచుమించు ఒకే క్రమంలో ఉంటాయి. పైన శంకుస్థాపన చేసిన మంత్రో, కలెక్టరో. దాని కింద అధ్యక్షత వహించిన సమితి అధ్యక్షుడు. ఆ తర్వాత తేదీ. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, దాతల పేర్లు, వాటి ఎదుట రూపాయల అంకె. ఆ వరుసే గౌరవాల వరుస. గదికి రాళ్లు మోసినవారు, మట్టి తవ్వినవారు, బండ్లు తోలినవారు ఎంతమంది ఉన్నా శ్రమదానానికి రూపాయల అంకె లేదు కనుక ఫలకంలో చోటు లేదు.

1960లలో కేర్ సంస్థ ద్వారా వచ్చిన పాలపొడి, గోధుమరవ్వతో బడుల్లో పిల్లలకు పాలు, ఉప్మా పెట్టడం మొదలైంది. సరుకు సముద్రాలు దాటి వచ్చినా పొయ్యి వెలిగించి వండాల్సింది ఊళ్లోనే. బడితో ఊరి ఆడవారికి నేరుగా ఏర్పడిన తొలి సంబంధాల్లో ఇది ఒకటి.

పలక చేసే చేతులు

బడికి ఊరు చేయూతనివ్వడంతో పాటు బడి నుంచి పిల్లల్ని పనికి లాక్కున్న సందర్భాలూ ఉన్నాయి. పశ్చిమ ప్రకాశంలో వాటిలో పెద్దది పలకల పరిశ్రమ. రాతిని కోయడం, రుద్దడం, చట్రం బిగించడం ఇళ్లలో, చిన్న చిన్న షెడ్లలో జరిగేవి. ఆ పనుల్లో పిల్లల్ని పెట్టేవారు. 1987 జాతీయ బాలకార్మిక విధానం దేశంలో ముందుగా దృష్టి పెట్టాల్సిన పరిశ్రమల జాబితాలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుల సరసన మార్కాపురం పలకలను చేర్చింది. దాని కింద ప్రత్యేక బడులు తెరిచి, పని మాన్పించిన పిల్లలకు చదువు, భోజనం ఏర్పాటు చేశారు. దేశానికంతా పలకలు పంపిన ఊరి పిల్లల్ని పలక పట్టించడానికి వేరే పథకం కావలసివచ్చింది. తర్వాత ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చి రాతిపలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి నేలకూ గోడలకూ పరిచే బండలుగా పైదేశాలకు పోయింది.

చట్టం చేసిన భాగస్వామ్యం

1997 జనవరిలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమం ప్రారంభించింది. ఊరికి పని కావాలంటే దాని విలువలో కొంత వాటాను డబ్బుగానో, వస్తువుగానో, శ్రమగానో ఊరే భరించాలి. కోరికల జాబితాల్లో తరగతి గది, ప్రహరీగోడ, బోరు తరచుగా కనిపించేవి. ఊరి వాటా పేరుతో కాంట్రాక్టరే డబ్బు కట్టి పని దక్కించుకుంటున్నాడన్న విమర్శ రాష్ట్రమంతటా వినిపించింది. మరోవైపు, శ్రమకు రూపాయల విలువ కట్టి లెక్కలో రాయడం సర్కారు పద్ధతిలో చేరింది.

మరుసటి ఏడే పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యంపై 1998 చట్టం వచ్చింది. బడి స్థాయిలో తల్లిదండ్రులు ఎన్నుకునే విద్యా కమిటీ, ఆపైన మండల, జిల్లా కమిటీలు ఏర్పడ్డాయి. ప్రధానోపాధ్యాయుడు కమిటీకి కన్వీనరు. అంతకుముందు బడి విషయంలో ఊరి తరఫున మాట్లాడింది భూమి ఇచ్చిన కుటుంబాలు, పెద్దమనుషులు. ఈ చట్టం ఆ హక్కును పిల్లల తల్లిదండ్రులకు ఇచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దాన్ని మరింత కచ్చితం చేసింది. యాజమాన్య కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులై ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి, బలహీన వర్గాలకు వారి సంఖ్యను బట్టి చోటు దక్కాలి. వీధి బడి కాలంలో అరుగు కింద నిలబడ్డ ఇళ్లవారు అలా బడి కమిటీలోకి వచ్చారు.

రాష్ట్రంలో ఎన్నిక తరగతివారీగా జరుగుతుంది. నోటీసు ముందుగా బడి గోడకు అంటిస్తారు. చెప్పిన రోజున ఒక్కో తరగతి తల్లిదండ్రులు ఒక్కో గదిలో కూర్చుని తమలో ముగ్గురిని ఎంచుకుంటారు. ఎక్కువచోట్ల చేతులెత్తే పద్ధతే. అలా ఎన్నికైనవారంతా కలిసి ఛైర్మన్‌ను, వైస్ ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఈ ఎన్నికలు ఒకేరోజు జరిగాయి.

ఈ ప్రాంతంలో కమిటీలకు ఒక సొంత ఇబ్బంది ఉంది. వానలు ముఖం చాటేస్తే పశ్చిమ ప్రకాశం నుంచి కుటుంబాలు కూలిపనికి దూరపు జిల్లాలకు, హైదరాబాదుకు వలస వెళ్తాయి. తల్లిదండ్రులతో పాటే పిల్లలూ వెళ్తే హాజరుపట్టీలో గైర్హాజర్లు పేరుకుంటాయి. కమిటీ సభ్యులే ఊళ్లో లేకుండా పోతారు. ఇలాంటి పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలకు బడి దగ్గరే తిండి, పడక. వారాల ఇళ్లు ఒకప్పుడు చేసిన పనిని ఇక్కడ సర్కారు తన నెత్తిన వేసుకుంది.

నాడు–నేడు, ఆ తర్వాత

‘మన బడి నాడు–నేడు’ను ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభించారు. తొలి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫర్నిచరు, రంగులు, ప్రహరీ వంటి పనులను కాంట్రాక్టరుకు అప్పగించకుండా తల్లిదండ్రుల కమిటీ ద్వారా చేయించారు. సొమ్ము కమిటీ ఖాతాలో పడేది. ఇసుక, ఇటుక వంటివి కమిటీయే కొనాలి, మేస్త్రీని కుదుర్చుకోవాలి, బిల్లులు రాసిపెట్టాలి. కూలి డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చే తల్లి బడి కట్టుబడి లెక్కల మీద సంతకం పెట్టడం కొత్త సంగతి.

2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించినప్పుడు రాష్ట్రంలో చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేటు ముందు బైఠాయించారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఊరి భాగస్వామ్యంలో అభ్యంతరం చెప్పడం కూడా ఒక భాగమని ఆ మూడేళ్లు చూపించాయి.

2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు మెగా తల్లిదండ్రుల–ఉపాధ్యాయుల సమావేశం పెట్టారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బాపట్లలో పాల్గొన్నారు. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాట, అందరికీ బడిలోనే భోజనం. 2025 జులైలో ఇదే సమావేశం ప్రైవేటు బడులకూ విస్తరించింది. సంతకం పెట్టడానికే బడికి వచ్చే తండ్రి ఒక పూటంతా అక్కడ గడపడానికి ఈ ఏర్పాటు దారి చూపింది.

శాలువా ఎవరికి

గుర్తింపులో తొలి స్థానం ఉపాధ్యాయులది. కేంద్రం 1958లో జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను నెలకొల్పింది. 1962 నుంచి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఆ రోజున రాష్ట్ర, జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయులకు సర్టిఫికెట్టు, శాలువా అందుతాయి. ఊరు ఇచ్చే గుర్తింపు మరో రకం. బదిలీ అయిన పంతులును పూలదండలతో ట్రాక్టరు మీద ఊరేగించి సాగనంపడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది.

తర్వాతి స్థానం విద్యార్థులది. మౌలానా ఆజాద్ జయంతి నాడు ఇచ్చే ప్రతిభా పురస్కారాలకు అబ్దుల్ కలాం పేరు ఉండేది. 2019 నవంబరులో ఆ పేరు మార్చి ఇచ్చిన ఉత్తర్వు విమర్శల వల్ల మరునాడే రద్దయింది. 2023లో ‘ఆణిముత్యాలు’, 2025లో ‘షైనింగ్ స్టార్స్’ పేర్లతో సత్కారాలు జరిగాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారినా పతకం, నగదు, వేదిక మీద తల్లిదండ్రులతో ఫోటో అనే పద్ధతి మారలేదు.

చివరి స్థానం వండేవారిది. రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. వంట ఎక్కువగా మహిళా పొదుపు సంఘాల చేతిలో ఉంది. సరుకుల బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు పెట్టి పొయ్యి ఆరకుండా చూసేది వీరే. వీరికి నెలకు వెయ్యి రూపాయలున్న గౌరవ వేతనాన్ని 2019లో మూడు వేలకు పెంచారు. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారందరికీ వండి పెట్టి 1909లో కన్నుమూసిన గృహిణి ఆమె. అన్నం పెట్టిన చేతికి బడి వ్యవస్థలో దక్కిన పెద్ద గుర్తింపు ఇది. అది పథకం పేరుకు దక్కింది. రోజూ పొయ్యి ముందు కూర్చునే మహిళలకు గౌరవ వేతనం జీతం కాలేదు, పేరు ఏ ఫలకం మీదికీ ఎక్కలేదు.

రాచర్ల సీమలో బడి చరిత్రను వరుసగా చూస్తే ఊరు ఇచ్చినవి మూడు: సొమ్ము, స్థలం, చాకిరి. మొదటి రెండింటికీ దసరా మర్యాద నుంచి శిలాఫలకం దాకా, బడి పేరు దాకా గుర్తింపు దక్కింది. వారాల భోజనం పెట్టిన ఇల్లాలు, పాక వేసిన పల్లెవారు, గదికి రాళ్లు మోసిన కూలీలు, మధ్యాహ్న భోజనం వండే మహిళలు మూడో వరుసలోవారు. 1998 చట్టం, విద్యాహక్కు చట్టం వారికి కమిటీలో కుర్చీ ఇచ్చాయి. బడి ఖర్చు మీద, పనుల మీద మాట్లాడే హక్కు ఇచ్చాయి. వారు చేసిన పనిని దాతల పట్టికలో రాయడం మాత్రం ఇంకా ఏ చట్టంలోనూ లేదు.